చంద్రగిరి కొలువున మర్యాదావివాదము

క్రీ. శ. 1614 వ సంవత్సరము అక్టోబరు మాసమున విజయనగర సార్వభౌముఁడైన రెండవ వేంకటపతిదేవరాయలు కాలధర్మము నొందెను. 1565 లో రాక్షసితంగడి రణమున అళియ రామరాయలు కూలిన పిదప నానాఁటికి శిథిలమగుచుండిన రాజ్యమును 1586 మొదలు 28 ఏండ్లు నిలిపిన ప్రభు వాతఁడు. ఆయన చితి చల్లాఱి యెంతో కాలము గడవకమునుపే సామంతులు రెండు పక్షములై చీలిరి. మూఁడేండ్లు నిండకముందే కావేరీతీరమునందలి తోపూరు రణరంగమున దక్షిణదేశపు నాయకులు పెక్కండ్రు ఒండొరులను మార్కొనిరి. చరిత్రగ్రంథములు దీనిని దాయభాగకలహముగాఁ జెప్పి విడుచుచున్నవి. సింహాసన మెవరిదను ప్రశ్న యందుఁ గలదనుట నిజమే. కాని ఆ కథను మొదటినుండి పరిశీలించినచో, ఎవరికి ఎవరు మ్రొక్కవలయును, మ్రొక్కనివానిని ఏమి చేయవలయును, ఆ తగవు తీర్పవలసినవా రెవ్వరు అను ప్రశ్నలే సింహాసనప్రశ్నకంటె ముందు నడచినట్లు కాన్పించును.

మర్యాద యను శబ్దమునకు నేఁటి తెలుఁగున గౌరవము, మన్నన యని యర్థము రూఢమైనది. సంస్కృతమున దానికి ముఖ్యార్థము ఎల్ల, హద్దు. పాణిని మర్యాదకును అభివిధికిని భేదము పాటించెను. ఒక యవధిని జెప్పునపుడు ఆ యవధి విడిచిపెట్టఁబడినచో మర్యాద, కలుపుకొనఁబడినచో అభివిధి. తిరుపతి వఱకు వాన కురిసినదనఁగా తిరుపతి తడిసినదా లేదా యను సందేహమునకు ఈ భేదమే సమాధానము. రాజసభలోని మర్యాదయు ఇట్టి హద్దే. ఒక్కొక్క దొరకు ఎంతదవ్వున నిలువవలయునో, ఎవరి ముందఱ పల్లకి దిగవలయునో, ఏ బిరుదు పలికించుకొనవచ్చునో యను మేర రాజు గీచి యిచ్చునది. అయితే ఆ మేరలో రాజు కూడ నున్నాఁడా, లేక దానికి వెలుపల నున్నాఁడా? వేంకటపతిరాయలు జీవించియుండఁగా ఈ ప్రశ్న నడుగు నవసర మెవ్వరికిని గలుగలేదు.

ఆయన కొలువు పెనుగొండనుండి 1592 ప్రాంతమున చంద్రగిరికిని, అటుపిమ్మట 1606 ప్రాంతమున వేలూరునకును మాఱినది. నేఁటి తిరుపతి జిల్లాలోని చంద్రగిరి దుర్గమును, అందలి మూఁడంతస్తుల రాజమహలును చూచినవారికి ఆ కాలపు వైభవము కొంత బోధపడఁగలదు. పూర్వరాజులు శాసనముల చివర విరూపాక్షుని పేర వ్రాలు చేయుచుండఁగా ఈయన శ్రీవేంకటేశ యని వ్రాలు చేసెను. ఆయన రాగిప్రతిమ తిరుమల యాలయమున నేఁటికిని చేతులు జోడించి నిలిచియున్నది. సార్వభౌముఁడే మ్రొక్కుచు నిలిచిన చోట మర్యాదలక్రమ మెంత నిష్కర్షగా నుండవలయునో ఊహింపవచ్చును. తిరుమల శాసనములు ఆ నిష్కర్షకు సాక్ష్యము. శ్రీవైష్ణవులు, తిరుచానూరు సభవారు, నంబులు, జియ్యరులు, కోవెలకరణములు కలిసిన స్థానత్తారను సభ దాతతో ఒడంబడిక వ్రాసికొని, నైవేద్యమైన ప్రసాదములో దాతకుఁ జెందవలసిన నాలవవంతును, తక్కినది ఎవరెవరికి ఎట్లు పంచవలయునో ఆ వివరమును, గోడలమీఁదఁ జెక్కించెడివారు. విట్టవన్ విళుక్కాడని పిలువఁబడిన ఆ నాలవవంతు కేవలము అన్నము కాదు. అది సభామధ్యమున దక్కెడి స్థానము. దానిని పుత్రపౌత్రపారంపర్యముగా అనుభవింపవచ్చును, మఱియొకనికి ఒసఁగవచ్చును. తగవు పుట్టినచోఁ జూపుటకు గోడమీఁది వ్రాతయుఁ గలదు. కొలువుకూటమున మాత్రము అట్టి గోడ లేదు. అచ్చట మర్యాదకు ప్రమాణము రాజు నోటిమాటయే.

అంతమాత్రమున మనదేశపు దొరల పౌరుషమునకు కట్టుబాటు లేదని తలఁచుట పొరపాటు. అచ్యుతదేవరాయల కాలమున విజయనగరమును వర్ణించిన నూనిజ్ అను పోర్చుగీసువాఁడు అచ్చటి ద్వంద్వయుద్ధములను గుఱించి చెప్పినది గమనింపఁదగినది. ఒంటికత్తిపోరు సలుపువారికి గొప్ప గౌరవము గలదఁట. చచ్చినవాని యాస్తి గెలిచినవానికిఁ జెందునఁట. అయినను మంత్రి యనుజ్ఞ లేనిదే యెవ్వరును పోరరాదఁట. అడిగినచో మంత్రి వెంటనే యనుజ్ఞ నిచ్చునఁట. పౌరుషమును అణఁచుటకు యత్నింపక, దానిని రాజద్వారముగుండ నడిపించిన యేర్పాటిది. ఆ దొరతనమున నిట్లుండఁగా, ఇంచుమించు ఎనుబదేండ్లకు పిమ్మట ఇంగ్లండు దేశపు రాజు మొదటి జేమ్సు దీనికి సరిగా నెదురు త్రోవ త్రొక్కెను. 1613 లో ఎడ్వర్డు సాక్‌విల్, కిన్లాస్ ప్రభువు అను నిద్దఱు గొప్పయింటివారు స్వదేశమున పోరు నిషిద్ధమగుటచే సముద్రము దాఁటి బెర్గెన్ చెంత పోరాడఁగా కిన్లాస్ హతుఁడయ్యెను. మఱుసటి యేఁడే జేమ్సు ద్వంద్వయుద్ధములను నిషేధించుచు శాసనము ప్రకటించెను. ఫ్రాన్సిస్ బేకను స్టార్ ఛేంబరను న్యాయసభలో ఆ నిషేధమును సమర్థించుచు వాదించెను. ఆ వాదమునకై యతఁడు పేరుపడిన ప్రభువుల వ్యాజ్యెమును గాక సామాన్యుల వ్యాజ్యెము నెన్నుకొని, క్షురకులును కసాయివారును గూడ చేపట్టిన యాచారమును కులీనులు తామే విడిచిపెట్టుదురని యాసపడెను. తర్కము చమత్కారముగ నున్నది; ఫలితము మాత్రము అంతంత మాత్రమే.

చంద్రగిరి కొలువునకు మరలుదము. వేంకటపతిరాయల దొరలలో వెలుగోటి యాచమనాయఁడు పేరెన్నిక గన్నవాఁడు. రేచెర్ల వెలమల యింట పుట్టినవాఁడు. 1601 లో ఉత్తరమల్లూరు చెంత వేలూరు లింగమనాయకుని పక్షమున వచ్చిన దావుల పాపానాయనిని చంపి రాజునకు విజయము సమకూర్చినట్లు వెలుగోటివారి వంశావళి చెప్పుచున్నది. నేలటూరి వేంకటరమణయ్యగారు పరిష్కరింపఁగా మద్రాసు విశ్వవిద్యాలయమువారు 1939 లో ప్రకటించిన ఆ గ్రంథము లేకున్నచో యాచమనాయని పూర్వకథ మనకు చాలవఱకు దక్కెడిది కాదు. పిదప వేలూరుకోట రాజవశమగుటలోను ఆతని హస్తము గలదు. శ్రీకాళహస్తి దామెరవారికి ఆతఁడు బావమఱఁది. ఆతని సోదరి కుమారుఁడైన దామెర వేంకటాద్రినాయఁడే 1639 లో ఆంగ్లేయులకు చెన్నపట్టణపు నేల నిచ్చినవాఁడు. రెండవ వంక గొబ్బూరివారు. వారి యింటి యాఁడుబిడ్డ బాయమ్మ రాయల దేవేరి. జగ్గరాయఁడు ఆమె సోదరుఁడని పలువురు చరిత్రకారుల నిశ్చయము. మానువెల్ బర్రాడాసు అను యేసుసభ పాద్రి మాత్రము ఆమె తండ్రికే జగ్గరాయఁడను పేరు పెట్టినాఁడు. ఒకే పేరు తరతరమునకు వచ్చెడి యిండ్లలో పరదేశి తికమకపడుట వింత గాదు. ఎట్లయినను, రాజునకు పిల్లనిచ్చిన వియ్యపుమర్యాద గొబ్బూరివారిది, కత్తిచేత గడించిన మర్యాద వెలుగోటివారిది. ఈ రెంటిలో ఏది పెద్దదో నిర్ణయింపక రెంటిని సరిపుచ్చుకొని వచ్చుటయే వేంకటపతిరాయల రాజనీతి.

ఆ నీతి పరదేశీయులయెడఁ గూడఁ జెల్లినది. 1598 లోనే యేసుసభ పాద్రులు చంద్రగిరికి వచ్చి రాజదర్శనము చేసి సన్మానితులైరి. 1611 లో ఆంగ్లేయ వర్తకసంఘపు గ్లోబను ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ పులికాటున దిగఁగా, అచ్చట ముందే కుదురుకొనిన డచ్చివారి వలన అతనికి చోటు దొరకలేదు. 1614 వేసవి దాఁటిన పిదప వేంకటపతిరాయల దూతలు అతనికడకుఁ బోయి, చందనమునఁ దడిపిన రాజహస్తముద్ర గల తెల్లని వస్త్రమును, బంగారురేకుపై వ్రాయించిన లేఖను ఇచ్చిరని అతఁడే వ్రాసికొనినాఁడు. పులికాటున జరిగిన యవమర్యాదకు మన్నింపు గోరుచు, ఇష్టమైన చోట ఇల్లు గట్టుకొమ్మని ఆ లేఖలోని మాట. ఒక వర్తకునకు జరిగిన యపచారమును మూఁడేండ్లకు పిమ్మట బంగారురేకుమీఁద సవరించిన రాజు మర్యాద విలువ యెఱిఁగినవాఁడనియే యొప్పుకొనవలయును. డచ్చివారికి పోటీగా నింకొకరిని తెచ్చుకొను లాభమును ఆయన యెఱుఁగకపోలేదు; అది వేఱు సంగతి. కాని ఆ సవరణ యనుభవమునకు రాకమునుపే రాజు మరణించెను.

ఇఁక మరణశయ్యకడఁ జరిగినది. దీనిని బర్రాడాసు 1616 డిసెంబరు 12 వ తేదీని కొచ్చిననుండి వ్రాసిన లేఖలో సవిస్తరముగ వర్ణించినాఁడు. రాబర్టు స్యూయెల్ తన విజయనగర చరిత్రలో దానిని ఆంగ్లమునకుఁ దెచ్చి లోకమునకు వెల్లడించెను. బాయమ్మ కుమారుఁడని చెప్పఁబడిన బాలుఁడొకఁడు చంద్రగిరినగరులో పెరుగుచుండెను. రాజు వానికి చిక్కరాయఁడను యువరాజబిరుదము నిచ్చియు, తన మేనకోడలితో పెండ్లి చేసియు, నగరు వెడలుటకు మాత్రము సెలవొసఁగక యుంచినాఁడఁట. చనిపోవుటకు మూఁడు దినములముందు ఆ బాలుని విడిచి, తన యన్న కుమారుఁడైన శ్రీరంగరాయని దొరలయెదుట పిలిపించి, రాజముద్రిక గల కుడిచేయి చాఁచెను. శ్రీరంగఁడు ఏడ్చి కాళ్లపైఁబడి, రాజ్యము తనకు వలదు, ఇష్టమైనవారి కిమ్మని వేఁడెను. రాజు సంజ్ఞ చేయఁగా లేవనెత్తి కుడిప్రక్క నిలిపిరి. మరల నుంగరము చాఁపఁగా ఆతఁడు చేతులు తలపై కెత్తి మన్నింపు మనెను. అంతట రాజు ఉంగరమును తీసి వ్రేలికొనపై నిలిపి మఱియొకమాఱు చూపెను. దొరలు చెప్పఁగాఁ జెప్పఁగా ఆతఁడు దానిని గ్రహించి, శిరస్సునఁ దాల్చి, పిదప వ్రేలికిఁ దొడిగికొనెను. కన్నీరు మాత్రము ఆగలేదు. రాజు తన వస్త్రమును, చెవి వజ్రమును, మేలి ముత్యములను రప్పించి యిప్పించెను. మూఁడవనాఁడు 67 ఏండ్ల ప్రాయమున ఆయన కన్ను మూయఁగా ముగ్గురు రాణులు సహగమనము చేసిరి.

ఇందొక సూక్ష్మము గలదు. ఉంగర మిచ్చినది రాజు. పుచ్చుకొమ్మని నొక్కి చెప్పినది దొరలు. దొరల సమ్మతి రాజత్వమునకు అంగమని ఆ దృశ్యమే చెప్పుచున్నది. అయితే ఆ సమ్మతిని లెక్కించు పద్ధతి యేదియు లేదు. నోట చెప్పుట గాదు, వ్రాసి యిచ్చుట గాదు, సాష్టాంగపడుటయే సమ్మతి. కొత్తరాజునకు తక్కినవారందఱు వచ్చి మ్రొక్కఁగా జగ్గరాయఁడు, తిమ్మనాయఁడు, మాకరాజు అను మువ్వురు దూరముగ నుండిరి. శ్రీరంగరాయఁడును నేర్పరి కాఁడు. పాతదొరల మన్నెములయందు చేయి పెట్టి, నిలకడలేని మనసులను తనయెడ విముఖములను గావించుకొనెను. అదను చూచి ఆ మువ్వురును సైన్యముతో నగరు చొచ్చి, రాజును కుటుంబముతోఁ గూడ చెఱపట్టి, బాయమ్మ కుమారుని రాజుగాఁ బ్రకటించిరి. నిన్న శ్రీరంగనికి మ్రొక్కిన దొరలే నేఁడు ఈ బాలునికి మ్రొక్కిరి. మ్రొక్కనివాఁడు యాచమనాయఁ డొక్కఁడు.

అతఁడు మ్రొక్కమికి కారణమేమి? స్వామిభక్తి యని వంశావళికారుఁడును, అతని ననుసరించినవారును కొనియాడుదురు. బర్రాడాసు మాటయు దానికి విరోధము గాదు. అయినను స్వామిభక్తి యొక్కటియే చెప్పినచో సగమే చెప్పినట్లగును. గొబ్బూరివారు నిలిపిన బాలునికి మ్రొక్కుట యనఁగా గొబ్బూరివారికి మ్రొక్కుటయే. వేంకటపతిరాయలు జీవితాంతము సరిపుచ్చుకొనివచ్చిన రెండు మర్యాదలలో ఒకటి రెండవదానికి లోఁబడినట్లు సభాముఖమున నొప్పుకొనుట. సమానుని తనపై నెక్కించుకొనుటకు వెలమదొర యొడఁబడునా? స్వామిభక్తియు స్వాభిమానమును అతనియందు ఒకే త్రోవఁ బట్టినవి. వానిని విడఁదీయఁజూచుట పాలలో నీళ్లు వేఱుచేయుట వంటిది, దానికి హంసయే రావలయును.

ఆ సంవత్సరమే, ఇంచుమించు ఆఱు మాసములముందు, ఇంగ్లండులో జరిగినది దీని చెంతఁ బెట్టి చూడఁదగినది. 1614 ఏప్రిలు 5 వ తేదీని జేమ్సు రాజు పార్లమెంటును సమావేశపఱచెను. రాజు తన యిచ్చచొప్పున విధించిన దిగుమతి సుంకములు న్యాయ్యములా కావా యని సామాన్యసభవారు విచారింపఁబూనిరి. ఆ విచారణకై ప్రభుసభవారితోఁ గలసి మాటలాడఁ గోరఁగా, లింకను బిషప్పైన రిచర్డు నీల్ ప్రభుసభలో లేచి, సామాన్యసభవారు రాజద్రోహమునకు దగ్గఱగా మాటలాడుదురను నర్థము వచ్చునట్లు నిందించెను. ఇది చెవినిఁ బడినంతనే సామాన్యసభవారు, తమ మర్యాదకు పరిహారము దొరకువఱకు వేఱు పని ముట్టమని భీష్మించిరి. బిషప్పు కన్నీటితో సమాధానము చెప్పుకొనెను. వారికి తృప్తి గలుగలేదు. జూను 7 వ తేదీని రాజు సభను రద్దు చేసెను. ఒక్క శాసనమైనను పుట్టకుండ ముగిసిన ఆ సభను ఆంగ్లేయులు చెడిపోయిన గ్రుడ్డుతోఁ బోల్చి యెకసక్కెమాడిరి. పదునైన మాటలాడిన నలుగురు సభ్యులు లండను కోటలో చెఱపడిరి.

1621 లో ప్రభుసభలోనే యింకొక ముచ్చట నడచెను. స్పెన్సరు ప్రభువు మాటలాడుచుండఁగా అరండెల్ ప్రభువు అడ్డుపడి, తన పూర్వులు రాజసేవ చేయునాఁడు స్పెన్సరు పూర్వులు గొఱ్ఱెలు కాయుచుండిరని యెత్తిపొడిచెను. తమవారు గొఱ్ఱెలు కాయునాఁడు అరండెల్‌వారు రాజద్రోహము పన్నుచుండిరని స్పెన్సరు బదులు చెప్పెను. అరండెల్ పూర్వులలో ద్రోహాపరాధమున శిరస్సు కోల్పోయినవారు గలరు గనుక ఆ మాట గుండెలో నాటినది. మన్నింపు చెప్పుమని సభ యాజ్ఞాపింపఁగా అరండెల్ ఒప్పుకొనలేదు. సభవారు అతనిని కోటకుఁ బంపిరి. ఇట్టి మాటకు పూర్వమైనచో కత్తులు దూసి యుందురు. రాజు కత్తిని నిషేధించెను. తీర్పును సభ చేపట్టెను. అరండెల్ వంశగౌరవము సభామర్యాదకు తలయొగ్గవలసి వచ్చెను.

ఈ పోలికను బట్టి అచ్చటివారు వివేకులు, ఇచ్చటివారు మూర్ఖులు అనుట సమంజసము గాదు. అదే పార్లమెంటు రాజుతో మర్యాదాభిమానముల తగవు ముదిరి 1642 లో దేశమును అంతర్యుద్ధమునఁ ద్రోచెను. 1649 లో రాజు శిరస్సే తెగిపడెను. తిరుమలలో స్థానత్తారు చేసిన పనికిని వెస్టుమినిస్టరులో సభ చేసిన పనికిని స్వభావమున భేదము మిక్కిలి లేదు. ఎవనికి ఎంత గౌరవమో, అది తప్పినచో ఏమి చేయవలయునో నిర్ణయించు మూఁడవ తావు రెండుచోట్లను గలదు. చంద్రగిరి వేలూరుల కొలువులో మాత్రము మూఁడవ తావు లేకపోయెను. మర్యాదను గీచిన చేయియే చితిమీఁద కాలిపోయిన పిదప హద్దురాళ్లు ఎవరివో తేల్చువారు లేరు. ద్వంద్వయుద్ధమునకు సెలవిచ్చుటకు మంత్రియు లేఁడు. ఉన్న మంత్రులు తామే పక్షములైరి.

తరువాతి కథ మిక్కిలి ఘోరము. చెఱలోనున్న రాజకుటుంబమును కాపాడుటకు యాచమనాయఁడు నగరి గుడ్డలుతుకు రజకుని పట్టుకొనెను. ఆ రజకుఁడు శ్రీరంగరాయని రెండవ కుమారుఁడైన రామదేవుని, పండ్రెండేండ్ల బాలుని, మైలగుడ్డల మూటలోఁ గట్టి కావలివారి కన్నులయెదుటనే వెలికిఁ దెచ్చెను. బాలుఁడు కిక్కురుమనలేదఁట. గొప్ప బిరుదులు మోసిన దొరలు చేయలేని పని బిరుదు లేని యొక రజకుఁడు చేసెను. అతని పేరు బర్రాడాసుగాని మఱియొకఁడుగాని వ్రాసిపెట్టలేదు. మఱికొంతకాలమునకు రాజే సొరంగముగుండ తప్పించుకొనఁజూచి పట్టువడెను. కావలివారిలోఁ గొందఱిని యాచమనాయఁడు తనవైపు త్రిప్పుకొనఁగా, ఆ సంగతి పొక్కి, జగ్గరాయఁడు తన తమ్ముని చిన్న ఓబరాయని పంపెను. నీవే చత్తువో, మమ్ము చంపుమందువో యని వాఁడు నిలువఁగా, శ్రీరంగరాయఁడు ఆలుబిడ్డలను తన చేతనే చంపి తాను ఖడ్గముపైఁ బడెను. శత్రువు చేతఁ జచ్చుటకంటె ఇది మర్యాద యని యతఁడు తలఁచి యుండును.

ఈ హత్యచేత జగ్గరాయనికి మ్రొక్కిన దొరలే అతని నసహ్యించుకొని యొక్కరొక్కరుగా యాచమనాయనిఁ జేరిరి. ఓడిన జగ్గరాయఁడు దక్షిణమునకుఁ బోయి మధుర, సెంజి నాయకుల తోడు సంపాదించెను. తంజావూరు రఘునాథనాయకుఁడు బాలుఁడైన రామదేవుని పక్షము వహించెను. తోపూరుయుద్ధమున జగ్గరాయఁడు హతుఁడయ్యెను. 1617 ప్రాంతమున రామదేవరాయఁడు రాజయ్యెను. ఆ యుద్ధవర్ణనము రామభద్రాంబ రఘునాథాభ్యుదయమున విస్తారముగాఁ గలదు. కడపట నొక వింత. జగ్గరాయని తమ్ముఁడు ఎతిరాజు తన కూఁతును రామదేవరాయని కిచ్చి సంధి చేసికొనెను. గొబ్బూరివారు మరల రాజునకు పిల్లనిచ్చినవారైరి. మూటలోఁ గట్టించి ప్రాణము గాచిన యాచమనాయఁడే కొలువునకు దూరమయ్యెను. కత్తి మర్యాదపై వియ్యపుమర్యాద యొకసారి ఓడియు, రెండవసారి పెండ్లిపందిరిలో గెలిచినది.

ఇంతవఱకుఁ జెప్పిన యాధారములను గుఱించి యొక మాట చెప్పక తీఱదు. వంశావళి వెలుగోటివారిది. అభ్యుదయకావ్యము తంజావూరువారిది. బర్రాడాసు లేఖ 1616 చివరను, అనఁగా గొబ్బూరివారి ప్రతిష్ఠ మట్టిలోఁ గలసిన పిదప, కొచ్చినకుఁ జేరిన వార్తలనుబట్టి పుట్టినది. బాయమ్మ గర్భము నటించినదనియు, పుట్టింటి బ్రాహ్మణస్త్రీ కన్న బిడ్డను గుట్టుగా నగరు చేర్పించి తన బిడ్డయని చాటినదనియు చెప్పు కథ ఆ లేఖ వలననే వ్యాప్తి చెందినది. అది నిజము గావచ్చును. రాజు ఆ బాలుని విడిచి యన్నకొడుకునకు ఉంగర మిచ్చుట దానికి అనుకూలించుచున్నది. కాని అంతఃపురములో ముగ్గురికో నలుగురికో తెలియవలసిన రహస్యము, రాజు స్వయముగా మౌనము వహించి బిరుద మిచ్చి పెండ్లి చేసిన విషయము, వేలమైళ్లనుండి వచ్చిన పాద్రికి నెల తప్పిన లెక్కతోఁ గూడ తెలిసెననుట విచారింపవలసిన సంగతి. ఓడినపక్షపు స్త్రీయొక్క శీలమును, బిడ్డయొక్క జన్మమును శంకించుట గెలిచినవారికి పురాతనమైన సాధనము. అరండెల్ గొఱ్ఱెలు కాచినవాఁడనినచో స్పెన్సరు ఎదురుమాట చెప్పుటకు సభ యుండెను. బాయమ్మకు అట్టి సభ దొరకలేదు. పలువురు చరిత్రకారులు కల్పితపుత్రుఁడను పదమును సందేహలేశమైనను లేక వాడుచుండుట సాక్ష్యమునకు మించిన తీర్పు. చెప్పఁబడినవాఁడు అనుటవఱకే మర్యాద.

ఆ బాలుఁడు యాచమనాయని చేతికిఁ జిక్కెనని లేఖ చెప్పుచున్నది. పదునాలుగేండ్ల యీడున పెండ్లియాడి, నగరు దాఁటుటకు సెలవు లేక చంద్రగిరిలో పెరిగి, తనకుఁ దెలియని తగవులో కొన్నిమాసములు రాజుగా మ్రొక్కులందుకొని, మరల నొక కావలిలోఁ బడినవాఁడు. వానిని పిలుచుటకు ఆ లేఖలోఁ గనఁబడునది చిక్కరాయఁడను బిరుదము మాత్రమే. ఆ బిరుదముతోనే లేఖ శ్రీరంగరాయనిఁ గూడఁ బిలుచుచున్నది.